గుడియాత్తంలో పట్టపగటి రాత్రి

టీ గ్లాసు సగం నిండుగానే ఉంది. దాన్ని పట్టుకున్న మనిషి మాత్రం చచ్చిపోతున్నాడు.

వేలూరులో పెద్దాసుపత్రి ఎదుటి లాడ్జీల సందు. పొద్దున్నే జనం కిక్కిరిసి ఉన్నారు. ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకున్న రోగుల బంధువులు, బెంగాలీలో రాసిన మెస్సుల బోర్డులు, ఇడ్లీ ఆవిరి, దాని మీద ఫినాయిల్ వాసన. టీ కొట్టు బల్ల దగ్గర నిలబడ్డ సామ్యుల్, పక్కనే వచ్చి నిలబడ్డ బట్టతల మనిషిని చూడకుండానే అడిగాడు.

"విరించిపురం బస్సు పోయిందా?"

"పాలారులో నీళ్లొస్తే పోతుంది."

సరైన జవాబే. ఆ మనిషి పేరు డాక్టర్ ఉదయకుమార్. మందులు తయారుచేసే శాస్త్రవేత్త. నాలుగు రోజుల కిందట తనంతట తానే సామ్యుల్ పనిచేసే గూఢచారి సెక్షన్‌కు ఫోన్ చేసి, "నేనొక పాపిష్టి పని చేశాను, నన్ను దాన్నుంచి బయటికి లాగండి" అని ఏడ్చాడు. అతన్ని క్షేమంగా చెన్నై చేర్చడం సామ్యుల్‌కు అప్పగించిన పని.

తెల్లచొక్కా వాడెవడో చక్కెర అందుకోవడానికి ఇద్దరి మధ్యా చేయి చాపాడు, "సారీ సార్" అన్నాడు, జనంలో కలిసిపోయాడు. ఉదయకుమార్ రెండు గుక్కలు తాగాడు. ఆ చేయి గ్లాసు మీదుగా ఎందుకు పోయిందో సామ్యుల్‌కు తట్టేసరికి ఆలస్యమైంది.

ఉదయకుమార్ మోకాళ్ల మీద కూలాడు. అతని నోటి నురగ సామ్యుల్ చొక్కా మీద పడింది. తెల్లచొక్కా వాడి వెంట పరిగెత్తబోతే చనిపోతున్నవాడి వేళ్లు మణికట్టును వదల్లేదు.

"గుడియాత్తం... రెప్పలు చూడు. ఒక పక్కే చెమట... ఒక పక్కే."

అంతే.

చుట్టూ గుంపు చేరింది. నీళ్లు తెచ్చినవాడు లేడు. ముగ్గురు ఫోన్లు తీసి వీడియో పట్టారు. టీ మాస్టరు కౌంటరు మీంచి వంగి చూసి, "గ్లాసు పగిలిందా అప్పా?" అన్నాడు.

సామ్యుల్ చొక్కా విప్పి కాలవలో పారేశాడు. నురగ పడ్డ చోట చర్మాన్ని ఎన్నిసార్లు రుద్దుకున్నా తడిగానే అనిపించింది.

* * *

బ్రీఫింగ్ అదే సందులో, ఒక లాడ్జి మూడో అంతస్తులో. సెక్షన్ చీఫ్ ధర్మలింగం మంచం మీద న్యూస్‌పేపర్ పరుచుకుని బిర్యానీ తింటున్నాడు. తిరుత్తణి వైపు మనిషి. తెలుగు బాగానే మాట్లాడతాడు, నోట్లో ముద్ద ఉన్నప్పుడు కూడా.

"మెలటోనిన్ అంటే తెలుసా?"

"విమానాల్లో తిరిగేవాళ్లు నిద్రకు మింగే మాత్ర."

"మాత్ర సంగతి వదిలేయ్. అది మన తలలోనే తయారవుతుంది. మెదడు నట్టనడుమ పీనియల్ అని కందిగింజంత గ్రంథి ఉంది. చీకటి పడితే చాలు, మెలటోనిన్ వదులుతుంది. ఒంటికంతా అదే దండోరా. రాత్రయింది, రాత్రయింది అని." ధర్మలింగం ఎముకను చప్పరించి పేపర్ అంచున పెట్టాడు. "కానీ ఆ గ్రంథి దానంతటది పనిచేయదు. నరాల లైన్ మీద ఆర్డర్ రావాలి. ఉదయకుమార్ ఆ లైన్‌ను శాశ్వతంగా కట్ చేసే ఇంజెక్షన్ కనిపెట్టాడు."

"ఎవరికోసం?"

"హోల్స్ట్ అని ఒక విదేశీ బ్రోకర్. డబ్బిచ్చే ఏ గూఢచార సంస్థకైనా అమ్ముతాడు. ఖైదీని కొట్టక్కర్లేదు, వేలాడదీయక్కర్లేదు. మెడలో రెండు సూదులు. ఇక వాడి ఒంటికి రాత్రి అనే కబురు అందదు. పగలూ రాత్రీ కలిసిపోతాయి. నిద్ర వచ్చినా చింకిపాతలా వస్తుంది. కొన్నాళ్లకు వాడే నోరు తెరుస్తాడు."

సామ్యుల్ కిటికీ వైపు తిరిగాడు. మసాలా వాసన అక్కడికీ వచ్చింది.

"గుడియాత్తంలో మూతబడ్డ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఒకటి అద్దెకు తీసుకుని నిద్ర పరిశోధన శిబిరం అని బోర్డు పెట్టారు. రేపు మధ్యాహ్నం కొనేవాళ్లకు డెమో. తయారైన మందు ఒక్క సీసాయే ఉంది. తయారుచేసినవాడు పోయాడు. అంటే ఆ సీసా ఎవరి చేతిలో ఉంటే విద్య వాళ్లది." ధర్మలింగం వేళ్లు నాక్కున్నాడు. "సీసా పగలకూడదు. నాకు భద్రంగా కావాలి."

"లోపలికి ఎలా వెళ్లాలి?"

"నీకు పని మాట్లాడి పెట్టాం. నీ పేరు మురుగన్. లోపల మన మనిషి ఉంది, కోడ్ నేమ్ వెన్నెల. ఆమె చెప్పినట్టు చెయ్."

తర్వాత అగ్గిపుల్లలాంటిది ఒకటి ఇచ్చాడు. నెయ్యి అంటిన వేళ్లతోనే. "మెగ్నీషియం. ఏ గరుకు గోడకైనా గీయి, మెరుపులా మండుతుంది. సీసా చేతికొచ్చాక వెంటిలేటర్ దగ్గర వెలిగిస్తే బయట పోలీసులు చూస్తారు."

"సార్, ఉదయకుమార్ టీ కొట్టుకు వస్తున్నాడని మనకు తప్ప ఎవరికీ తెలీదు. ఎక్కడ లీకైంది?"

ధర్మలింగం పళ్లలో ఇరుక్కున్నది గోటితో తీసుకుంటూ, "అది తర్వాత చూద్దాం" అన్నాడు.

* * *

సామ్యుల్ పుట్టింది పేర్ణాంబట్టులో. తండ్రి తోళ్ల ఫ్యాక్టరీలో సున్నపు గుంతల దగ్గర పనిచేసినవాడు. పచ్చి తోళ్ల కంపులో పెరిగినవాడికి ఒక పట్టాన వాంతి రాదు. ఆ మాట తన గురించి తనే గొప్పగా చెప్పుకునేవాడు.

సాయంత్రం వెలిసిపోయిన లుంగీ, చెవి మీద బీడీ, భుజాన తువ్వాలుతో గుడియాత్తంలో బస్సు దిగాడు. ఎండ ఇంకా దిగలేదు. నేత వీధుల్లో మగ్గాల చప్పుడు దాటి, ఊరి చివర ఫ్యాక్టరీ దగ్గరకు నడిచాడు. గేటు ముందు కొందరు ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లతో నిలబడి ఉన్నారు.

"యాడికి నాయనా, లోపలికా?" ఒకామె అడిగింది. చేతి వేళ్లకు నూలు రంగు అంటుకుని ఉంది.

"అవునక్కా. పనికి రమ్మన్నారు."

"నా పేరు మునియమ్మ. మా ఇంటాయన జయరాములు లోపలుండాడు. మగ్గం నేసేవాడు. నిద్రపోతే కూలి ఇస్తారంట మే అని నవ్వుకుంటా పోయినాడు. వారానికొకతూరి ఈ కడ్డీల కాడికి పంపిస్తారు. పోయిన వారం మనిషి వాలకమే బాగలేదు. కొంచెం చూసుకో నాయనా, మనోడు అనుకొని."

సామ్యుల్ తల ఊపేలోపు లోపలి తలుపు తెరిచారు. పది మందికి పైగా మగవాళ్లు వెలుతురుకు చేతులు అడ్డం పెట్టుకుంటూ వచ్చారు. జయరాములు కడ్డీల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. పడమటి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది.

అతని ముఖానికి కుడిపక్క చెమట ధారలు కట్టింది. ఎడమపక్క పొడిగా, కాగితంలా ఉంది. ముక్కు మధ్యగా గీత గీసినట్టు తడి ఆగిపోయింది. ఎడమ రెప్ప సగానికి వాలి ఉంది.

"కన్ను తెరువప్పా" అంది మునియమ్మ.

"తెరిచే ఉండాను మే. అదే లేవడం లేదు." జయరాములు ఆకాశం వైపు చూశాడు. "ఇప్పుడు తెల్లారుతా ఉండాదా, పొద్దు పోతా ఉండాదా?"

"పొద్దు పోతా ఉండాది."

"లోపల అంతా తిరగేసి పెట్టినారు. పగలంతా చీకటి, రాత్రంతా లైట్లు. మాకు ఇప్పుడే తెల్లారినట్టు. ఆ డాక్టరమ్మ ఈ పక్క మెడలో సూది ఏసింది. ఆ పొద్దు నించి ఇట్లే. రేపు రెండో పక్క ఏస్తారంట."

"నువ్వు ఒద్దని చెప్పు!"

"చెప్పినా. తలుపుకు బీగం ఏసి ఉండారు."

కాపలావాడు అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. మునియమ్మ క్యారియర్ కడ్డీల మధ్యలోంచి పట్టలేదు. ఆమె దాన్ని నేల మీద పెట్టి, పక్కనే కూర్చుండిపోయింది. "నేను పోను. ఎవురూ పోవద్దండి అమ్మా" అని మిగతా ఆడవాళ్లతో అనడం సామ్యుల్ లోపలికి నడుస్తూ విన్నాడు.

రెప్ప. ఒక పక్కే చెమట. ఉదయకుమార్ చివరి మాటలకు అర్థం సగం తెలిసింది. మిగతా సగం తెలుసుకోవాలని లేదు.

* * *

అతనికి ఇచ్చిన పని ఉమ్మి మోయడం.

మెలటోనిన్ నోటి నీళ్లలోకి కూడా ఊరుతుందట. అందుకని నేత కార్మికుల చేత గంటగంటకూ ప్లాస్టిక్ కప్పుల్లో ఉమ్మించి, మెషిన్ దగ్గరకు పంపాలి. వాడిన కప్పులు వెనక సిమెంటు తొట్టి దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కడగాలి. పొద్దుట, అంటే లోపలివాళ్లకు రాత్రి మొదలైనప్పుడు, హాల్లో లైట్లు ఆర్పేసి ఒకే ఒక ఎర్ర బల్బు ఉంచారు. ఎరుపు తప్ప వేరే వెలుతురు పడితే కప్పుల్లో లెక్క తప్పుతుందని హెచ్చరించారు. ఆ ఎర్ర చీకట్లో, చిక్కటి ఎంగిలి తొణుకుతున్న ట్రే పట్టుకుని సామ్యుల్ మంచాల మధ్య తిరిగాడు. ఫ్యాక్టరీ గోడల్లో పాత గంధకం, జిగురు వాసన. దాంట్లో ఇన్ని నోళ్ల వాసన.

మెషిన్ గదిలో ఒకామె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉంది. నెమలి రంగు పట్టుచీర, ముక్కున మెరిసే రాయి, గదినంతా కమ్మేసిన విదేశీ సెంటు. చేతులకు క్రీమ్ రాసుకుంటోంది. మామూలు రోజుల్లో అయితే సామ్యుల్ రెండోసారి చూసేవాడు.

"విరించిపురం బస్సు పోయిందా?" అంది ఆమె.

"పాలారులో నీళ్లొస్తే పోతుంది."

"రండి. నేను వెన్నెల. ఇక్కడ డాక్టర్ సుగంతి." ఆమె తలుపు మూసింది. "ట్రే కింద పెట్టండి. దగ్గరగా రండి, మెల్లగా మాట్లాడదాం."

అతను ట్రే కింద పెట్టలేదు.

"ఎడమ రెప్ప ఎందుకు వాలింది, మేడం?"

సుగంతి నవ్వి, రంగు వేసిన గోటితో అతని కంటి మూల దగ్గర మొదలుపెట్టి గీత గీస్తున్నట్టు చూపించింది. "వెలుతురు కంట్లో పడుతుంది. కంటి వెనక నరం ఆ సంగతి మెదడులో ఉన్న గడియారానికి చెబుతుంది. చీకటైతే గడియారం అడ్డు తీసేస్తుంది. అప్పుడు ఆర్డర్ బయలుదేరుతుంది. పీనియల్ అక్కడికి బెత్తెడు దూరం కూడా లేదు. కానీ ఆర్డర్ తిన్నగా పోదు. వెన్నుపాములో ఛాతీ దాకా దిగి, బయటికొచ్చి, మళ్లీ పైకెక్కి..." ఆమె గోరు అతని దవడ కింద ఆగింది. "ఇక్కడ, మెడకు రెండు వైపులా రెండు నరాల ముడులున్నాయి. ఆర్డర్ ఈ ముడుల్లో మారి, రక్తనాళాల వెంబడి తలలోకి పోయి, పీనియల్ మీద నోరెడ్రినలిన్ అనే రసాయనం చిలకరిస్తుంది. అప్పుడు మెలటోనిన్. దేవుడు ఎందుకింత చుట్టు తిప్పాడో గానీ, మాకు పని సులువైంది. తల తెరవక్కర్లేదు. మెడలో సూది చాలు."

"రెప్ప?"

"రెప్పను ఎత్తి పట్టే చిన్న కండరానికీ, ముఖం చెమటకూ అదే ముడి నుంచి నరాలు పోతాయి. ముడి చస్తే అవీ చస్తాయి. ఒక పక్క ముడి పోతే రెండోది పీనియల్ పని చాలావరకు లాక్కొస్తుంది. అందుకే రెండో సూది. ఈ మధ్యాహ్నం, కొనేవాళ్ల కళ్లెదుట."

"సూది పడకముందే సీసా తీసుకుని సిగ్నల్ ఇస్తాను."

"వద్దు." ఆమె గొంతులో నవ్వు పోయింది. "మందు పనిచేస్తుందో లేదో మన సెక్షన్‌కు కూడా తెలియాలి. సూది పడాలి, కప్పుల్లో లెక్క పడిపోవాలి, అప్పుడు సీసా. ఇది చీఫ్ ఆర్డర్."

"ఆ మనిషి మగ్గం నేసుకునేవాడు మేడం. మన మనిషి."

"చచ్చిపోడు కదా?"

సామ్యుల్ అడిగాడు. "ఉదయకుమార్ టీ కొట్టుకు వస్తున్నాడని హోల్స్ట్‌కు ఎవరు చెప్పారు?"

"నేనే." దాచలేదు. క్రీమ్ డబ్బా మూత బిగించింది. "హోల్స్ట్‌కు నా మీద అనుమానం మొదలైంది. ఒకరిని బలి ఇస్తే గాని నమ్మేలా లేడు. ధర్మలింగం సార్‌కు ముందే చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"సరే అన్నారు."

సామ్యుల్ చేతిలోని ట్రే వైపు చూశాడు. ఆ గది మొత్తంలో శుభ్రంగా ఉన్నవి ఆ ఉమ్మి కప్పులే అనిపించింది.

* * *

బయట మిట్టమధ్యాహ్నం. లోపల నడిరాత్రి.

హాలు మధ్యలో జయరాములును మంచానికి బెల్టులతో కట్టారు. చుట్టూ చీకట్లో మిగతా నేత కార్మికులు పడుకుని ఉన్నారు. కొనడానికి వచ్చిన ఇద్దరిలో ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. పొట్టివాడు చూయింగ్ గమ్ నములుతున్నాడు. ఆ చప్పుడు హాలంతా వినిపిస్తోంది.

హోల్స్ట్ సన్నగా, నున్నగా, పెళ్లికొడుకులా ఉన్నాడు. ఇంగ్లీషులో మెత్తగా మాట్లాడుతున్నాడు. "రక్తం ఉండదు. గాయం ఉండదు. కోర్టుకు చూపించడానికి ఏమీ మిగలదు. రెప్పలు కాస్త వాలతాయి. చూసినవాళ్లు నిద్రమత్తు అనుకుంటారు. మొదటి కప్పు రీడింగ్ చూశారు కదా, ఇతని ఒంట్లో ఇప్పుడు నిండు రాత్రి. డాక్టర్ సూది వేశాక మనం కూర్చుని కాఫీ తాగుదాం. కాఫీ అయ్యేసరికి రాత్రి ఖాళీ అవడం మొదలవుతుంది."

పొడుగువాడు నవ్వాడు.

బల్ల మీద చిన్న గాజు సీసా. సుగంతి దాంట్లోంచి సిరంజిలోకి మందు లాగింది. సామ్యుల్ పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డాడు. రెండో కప్పు పట్టడం అతని పని.

జయరాములు కుడి కన్ను మాత్రమే పూర్తిగా తెరుచుకుంది. "ఈ పక్క ఎందుకమ్మా? ఒక పక్క చాల్లేదా?"

"కదలకండి" అంది సుగంతి. ఆమె వేళ్లు అతని కుడి దవడ కింద తడిమాయి. ముడి ఎక్కడుందో ఆ వేళ్లకు బాగా అలవాటే.

సామ్యుల్‌కు ధర్మలింగం నాకుతున్న వేళ్లు గుర్తొచ్చాయి. తరవాత కంపు, ఉమ్మి, సెంటు, మసాలా అన్నీ కలిసి గొంతు దాకా వచ్చాయి. సున్నపు గుంతల దగ్గర పెరిగినవాడు మొదటిసారి వాంతి ఆపుకున్నాడు. లుంగీ మడతలోంచి పుల్ల తీశాడు.

సూది మొన చర్మాన్ని తాకింది.

అతను కుడి కన్ను గట్టిగా మూసుకుని పుల్లను గోడకు గీశాడు.

హాలు తెల్లగా పేలిపోయింది. గంటల తరబడి చీకటికి అలవాటుపడ్డ కళ్లన్నీ ఒక్కసారిగా గుడ్డివయ్యాయి. సుగంతి కెవ్వుమంది. సామ్యుల్ ఎడమ కంట్లో తెల్ల మంట తప్ప ఏమీ లేదు. పుల్ల ఆరగానే ఆ కన్ను మూసి కుడి కన్ను తెరిచాడు. ఎర్ర చీకటి చక్కగా కనిపించింది. చీకటిని దాచుకున్న కన్ను ఆ హాల్లో అదొక్కటే.

మెడ దగ్గర నుంచి సుగంతి మణికట్టును లాగి వెనక్కి విరిచాడు. సిరంజి కింద పడింది. కాలితో తొక్కేశాడు. జయరాములు మెడ మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. అంతకు మించి లోపలికి దిగలేదు.

హోల్స్ట్ పిస్టల్ తీసి సిరంజి నలిగిన చప్పుడు వినిపించిన వైపు కాల్చాడు. గుండు ట్రేను తాకింది. ఉమ్మి కప్పులు గాల్లోకి లేచి అతని నున్నటి కోటు మీదే పడ్డాయి. అతను తుడుచుకోవడానికి ఒక్క క్షణం చేయి ఎత్తాడు. శుభ్రత పిచ్చి ఉన్నవాడికి ఆ క్షణమే చేటయింది. సామ్యుల్ ట్రే అంచుతో అతని చేతి మీద కొట్టి, రెండో దెబ్బ చెవి కింద వేశాడు. హోల్స్ట్ ఎంగిట్లో బోర్లా పడ్డాడు.

సీసా జేబులో వేసుకుని, పెద్ద తలుపు అడ్డగడియ ఎత్తి, సామ్యుల్ కాలితో తన్నాడు. ఎండ లోపలికి దూకింది.

తుపాకి చప్పుడు విని గేటు బయట ఆడవాళ్లు అప్పటికే కడ్డీలు ఊపుతున్నారు. నిన్న సాయంత్రం నుంచి వాళ్లు ఇంటికి పోలేదు. కాపలావాడు తాళం వదిలేసి పారిపోయాడు. కొనేవాళ్లిద్దరూ కళ్లు నులుముకుంటూ బయటికి పరిగెత్తి నేరుగా వాళ్ల మధ్యలో పడ్డారు. పొట్టివాడి నెత్తి మీద మునియమ్మ క్యారియర్ తెరుచుకుంది. పోలీసులు గోడ దూకి వచ్చేసరికి పట్టుకోవాల్సినవాళ్లు సాంబారులో తడిసి ఉన్నారు.

* * *

కట్లు విప్పగానే జయరాములు గడప దాకా తడుముకుంటూ వచ్చి, అక్కడే కూర్చున్నాడు.

"పగులేనా మే ఇది?"

"పగులే అప్పా. మిట్టమధ్యాన్నం. ఎండ చూడు, కాళ్లు కాలతా ఉండాయి." మునియమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది. కుడిపక్క తడి అయింది కొంగు. ఎడమపక్క ఏమీ అంటలేదు. ఆమె మళ్లీ మళ్లీ ఆ పొడి పక్కనే తుడిచింది.

"ఈ కన్ను మళ్లా లేస్తాదా నాయనా?" అని సామ్యుల్‌ను అడిగింది.

"చిన్న ఆపరేషన్ చేసి రెప్ప ఎత్తుతారక్కా, వేలూరులో. చెమట సంగతి చెప్పలేను. నిద్ర మాత్రం తిరిగొస్తాది. కుడి పక్క ముడి బాగుండాది. కొన్నాళ్లు పగులు ఎండలో, రాత్రి చీకట్లో ఉంటే ఒళ్లు తనంతట సర్దుకుంటాది."

మునియమ్మ తల ఊపింది. నమ్మిందో లేదో తెలీలేదు.

ఇన్‌స్పెక్టర్ రాజమాణిక్యం నేత కార్మికులను వరసగా నిలబెట్టి, సూది ఎవరు వేశారని అడిగాడు. వాలిన రెప్పల ముఖాలన్నీ ఒకేవైపు తిరిగాయి. జయరాములు చేయి ఎత్తాడు. "ఈయమ్మే సార్. నా మెడ మీద చెయ్యి పెట్టి, కదలద్దు అనింది."

సుగంతి కాటుక చెంపల దాకా కారింది. చెరిగినా ఆమె అందంగానే ఉంది. అది కూడా సామ్యుల్‌కు రోత పుట్టించింది. ఆమె అతని దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"సీసా ఇవ్వండి. నేనెవరో ఈ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి."

"నాకేం తెలుసు మేడం?" అన్నాడు సామ్యుల్, అందరికీ వినిపించేలా. "నేను మురుగన్‌ని. ఎంగిలి కప్పులు కడిగేవాణ్ణి."

మహిళా కానిస్టేబుల్ ఆమెను వ్యాను ఎక్కించింది. వ్యాను తలుపు మూసేదాకా సుగంతి అతని వైపే చూసింది. కోపంగా కాదు, లెక్క వేస్తున్నట్టు. ఆమెకు పెద్ద లాయరు వస్తాడని, సెక్షన్ చాటుగా ఫోన్లు చేస్తుందని సామ్యుల్‌కు తెలుసు. కానీ ఇంతమంది మెడలు సాక్ష్యం చెబుతుంటే ఆ ఫోన్లకు జవాబివ్వడం ఎవరికైనా కష్టమే.

అతను ఫ్యాక్టరీ వెనక్కి నడిచాడు. సిమెంటు తొట్టి దగ్గర కూర్చుని, బ్లీచింగ్ నీళ్లతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. చర్మం మండేదాకా రుద్దాడు. తర్వాత జేబులోంచి సీసా తీసి ఎండకు పెట్టి చూశాడు. నీళ్లలాంటి మందు. ఏ రంగూ లేదు, ఏ వాసనా లేదు. రెండు రోజులుగా అతను చూసిన వాటిలోకెల్లా శుభ్రంగా కనిపించేది అదే.

ఫోన్ మోగేసరికి తొట్టి అడుగున గాజు పెంకులు మెరుస్తున్నాయి.

"కంగ్రాట్స్!" ధర్మలింగం ఏదో నములుతున్నాడు. "హోల్స్ట్ దొరికాడు, కొనేవాళ్లు దొరికారు. సుగంతి విషయంలో ఆ ఇన్‌స్పెక్టర్ మొండికేస్తున్నాడు, నేను చూసుకుంటా. సీసా జాగ్రత్తగా ఉందా?"

"పగిలింది సార్."

నమలడం ఆగింది.

"ఏంటి?"

"పగిలింది."

"దేశంలో ఉన్నది ఆ ఒక్క సీసా! ఎలా పగిలింది?"

"చేతిలోంచి కింద పడింది సార్."

"నీ చేతిలోంచా? ఇన్నేళ్ల సర్వీసులో నీ చేతిలోంచి ఒక్కటి జారలేదు. ఇప్పుడు పడిందా?"

"పడింది సార్," అన్నాడు సామ్యుల్. "మూడుసార్లు."